ఇన్‌స్టాల్ అయింది సరే, కమాండ్ ఏదీ?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే గొడవ. టూల్ ఇన్‌స్టాల్ అయిపోయిందని స్క్రీన్ మీద పడుతుంది, పేరు కొడితే అలాంటి కమాండే లేదంటుంది. లేదా ఒక టెర్మినల్‌లో బుద్ధిగా నడిచి ఇంకోదాంట్లో మొరాయిస్తుంది. అందుకే మిగతావి పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను. ఫైళ్ల పేర్లు, కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే అచ్చవుతాయి కాబట్టి ‘డాట్’ అన్నచోట చుక్క, ‘డాలర్’ అన్నచోట ఆ గుర్తు పెట్టి మీరు ఇంగ్లీషులో టైప్ చేసుకోవాలి, తప్పదు.

ప్రశ్న: కొత్త మ్యాక్ తీసుకున్నాను. ఒక టూల్ పేజీలో ఇచ్చిన లైన్ పేస్ట్ చేశాను, కర్ల్‌తో మొదలై చివర పైప్ (నిలువు గీత) పెట్టి ఎస్‌హెచ్ అని ఉంటుంది కదా, అదే. సక్సెస్ అని కూడా వచ్చింది. పేరు కొడితే మాత్రం ‘కమాండ్ నాట్ ఫౌండ్’. నా ఫ్రెండ్ లినక్స్‌లో అదే లైన్‌తో పని అయిపోయింది. నేను మూడుసార్లు తీసేసి మళ్లీ పెట్టాను. తప్పు ఎక్కడుందండీ?

జవాబు: మూడుసార్లూ సరిగ్గానే ఇన్‌స్టాల్ అయి ఉంటుంది, నాలుగోసారి చేయకండి. ఫైల్ డిస్క్ మీదకి వచ్చింది, అది ఎక్కడుందో మీ షెల్‌కి (టెర్మినల్‌లో మీరు కొట్టిన కమాండ్‌ని అందుకుని నడిపే ప్రోగ్రామ్‌కి) తెలీదు, అంతే. పేరు కొట్టగానే షెల్ డిస్క్ అంతా గాలించదు. పాత్ అనే వేరియబుల్‌లో కొన్ని ఫోల్డర్ల పేర్లు వరసగా ఉంటాయి, ఆ వరసలోనే ఒక్కోదాంట్లోకి తొంగిచూసి, మొదట ఎక్కడ దొరికితే దాన్ని నడుపుతుంది. ఎక్కడా దొరక్కపోతే మీరు చూసిన ఆ మెసేజ్. ఇన్‌స్టాలర్ చేయాల్సిన పనులు రెండు, ఫైల్‌ని ఒక ఫోల్డర్‌లో పెట్టడం, ఆ ఫోల్డర్ పేరు పాత్‌లోకి ఎక్కించడం. మొదటిది ఏ షెల్‌కైనా ఒకటే. గొడవలన్నీ రెండోదాంట్లో పుడతాయి.

ఎందుకంటే చివర ఎస్‌హెచ్ అని పెట్టినప్పుడు ఆ స్క్రిప్ట్ నడిచేది మీ షెల్‌లో కాదు, మీ షెల్ పుట్టించిన ఇంకో షెల్‌లో. పిల్ల ప్రాసెస్ తన పాత్‌ని ఎంత మార్చుకున్నా తల్లి ప్రాసెస్‌కి ఆ మార్పు అందదు, యూనిక్స్‌లో మొదటినుంచీ అంతే. కాబట్టి ఇన్‌స్టాలర్‌కి మిగిలిన దారి ఒకటే, షెల్ మొదలయ్యేటప్పుడు మీ హోమ్ ఫోల్డర్‌లో ఏ ఫైల్ చదువుతుందో ఊహించి దాని చివర ఒక లైన్ రాసిపెట్టడం. ఆ లైన్ కొత్తగా తెరిచే విండోకే పనికొస్తుంది, ఇప్పటికే తెరిచి ఉన్నదానికి కాదు. అందుకే ‘టెర్మినల్ మూసి మళ్లీ తెరవండి’ అని చివర్లో చెబుతారు, దాన్ని ఎవరూ చదవరు (నేనూ చదవను).

‘ఊహించి’ అన్నాను చూశారూ, మీ కేసు అక్కడుంది. మ్యాక్‌లో 2019లో వచ్చిన కాటలీనా నుంచి కొత్త అకౌంట్లకి డిఫాల్ట్ షెల్ జెడ్‌షెల్. అంతకుముందు బ్యాష్ ఉండేది, అదీ 3.2 దగ్గర ఆగిపోయిన పాత బ్యాష్, 2009లో వచ్చిన 4.0 జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్స్ కిందకి వెళ్లింది, ఆపిల్ దాన్ని తీసుకోలేదు. ఆ కాలంలో రాసిన ఇన్‌స్టాలర్లు ఇంకా బ్యాష్ ఫైల్లోనే లైన్ రాసి చేతులు దులుపుకుంటాయి. జెడ్‌షెల్ ఆ ఫైల్ వంక కన్నెత్తి కూడా చూడదు. మీ ఫ్రెండ్ వాడేది బ్యాష్ అయితే ఆయనకి లైన్ సరైన చోటే పడింది.

ఇప్పుడు చేయాల్సింది. ముందు ఏ షెల్‌లో ఉన్నారో తేల్చుకోండి. ఎకో డాలర్ షెల్ అని కొట్టి నమ్మేయకండి, అది మీ అకౌంట్‌కి రాసిపెట్టిన లాగిన్ షెల్ పేరు చెబుతుంది తప్ప ఇప్పుడు నడుస్తున్నదాని పేరు కాదు. జెడ్‌షెల్‌లోంచి బ్యాష్‌లోకి దిగి అడిగినా జెడ్‌షెల్ అనే అంటుంది. ఎకో డాలర్ సున్నా అని కొడితే ఈ రెండు షెల్స్‌లోనూ నిజం బయటపడుతుంది. తర్వాత ఇన్‌స్టాలర్ చెప్పిన ఫోల్డర్‌లో టూల్ ఉందేమో చూసి పూర్తి దారి ఇచ్చి నడపండి. నడిచిందంటే ఇన్‌స్టాల్‌లో ఏ లోపం లేదు. ఇక డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ ఫైల్ తెరిచి చివర్లో ఎక్స్‌పోర్ట్ పాత్, ఈక్వల్ గుర్తు, డబుల్ కోట్స్ లోపల ఆ ఫోల్డర్ పేరు, కోలన్, డాలర్ పాత్ అని రాయండి. ఈక్వల్ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. చివర్లో ఆ డాలర్ పాత్ మర్చిపోయారో, కొత్త విండోలో ఎల్‌ఎస్ కూడా దొరకదు.

ఫైల్‌ని ఎడిటర్‌లోనే తెరవండి. నేనొకసారి తెలివిగా ఎకోతో ఒకే లైన్‌లో కానిద్దామని రెండు బాణం గుర్తులు పెట్టాల్సిన చోట ఒకటే పెట్టాను. నాలుగైదేళ్లుగా పోగేసుకున్న సెట్టింగులన్నీ పోయి, ఫైల్‌లో ఆ ఒక్క పాత్ లైన్ మిగిలింది. టూల్ మాత్రం చక్కగా పనిచేసింది.

ప్రశ్న: ఉబుంటు సర్వర్‌లో ఏదో టూల్ పెట్టాక, ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయితే నా అలియాస్‌లు (కమాండ్లకి పెట్టుకున్న పొట్టి పేర్లు), రంగుల ప్రాంప్ట్ అన్నీ మాయం. డాట్ బ్యాష్‌ఆర్‌సీ తెరిస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది, సర్వర్‌లోకి ఎవరైనా చొరబడ్డారా?

జవాబు: ఎవరూ చొరబడలేదు. హోమ్ ఫోల్డర్‌లో డాట్ బ్యాష్ అండర్‌స్కోర్ ప్రొఫైల్ అని నిన్నటిదాకా లేని ఫైల్ ఒకటి కనిపిస్తుందేమో చూడండి, దొంగ అదే.

బ్యాష్ లాగిన్ షెల్‌గా (అంటే మెషీన్‌లోకి లాగిన్ అయినప్పుడు నడిచే మొదటి షెల్ లాగా) మొదలైతే డాట్ బ్యాష్ ప్రొఫైల్, డాట్ బ్యాష్ లాగిన్, డాట్ ప్రొఫైల్ అనే మూడింటిని ఈ వరసలో వెతుకుతుంది, మొదట దొరికినదాన్ని చదివి మిగతావి వదిలేస్తుంది. ఉబుంటు మీకు ఇచ్చేది మూడోది. అలియాస్‌లున్న డాట్ బ్యాష్‌ఆర్‌సీని పిలిచేది ఆ మూడోదే, ఎందుకంటే లాగిన్ షెల్ దాన్ని తనంతట తాను చదవదు. ఇన్‌స్టాలర్ వచ్చి, లేని మొదటి ఫైల్‌ని పుట్టించి అందులో తన పాత్ లైన్ రాసుకుంది. ఆ క్షణం నుంచి మీ డాట్ ప్రొఫైల్‌ని చదివే నాథుడు లేడు. కొత్త ఫైల్లోని లైన్‌ని డాట్ ప్రొఫైల్‌లోకి మార్చి, కొత్తదాన్ని తీసేయండి, మళ్లీ లాగిన్ అవ్వండి.

పనిలో పని, ఈ లాగిన్ షెల్ గొడవ ఇంకో రకంగానూ కొడుతుంది. మ్యాక్ టెర్మినల్‌లో తెరిచే ప్రతి విండో లాగిన్ షెల్లే. లినక్స్ డెస్క్‌టాప్‌లో మామూలుగా టెర్మినల్ తెరిస్తే అది లాగిన్ షెల్ కాదు, డాట్ బ్యాష్‌ఆర్‌సీ మాత్రమే చదువుతుంది. కాబట్టి ‘బ్యాష్ ప్రొఫైల్‌లో రాయండి’ అన్న సలహా మ్యాక్‌లో బ్యాష్ వాడేవాళ్లకి వెంటనే ఫలిస్తుంది, లినక్స్ వాళ్లు అది రాసి ఎన్ని విండోలు తెరిచినా తేడా కనపడదు. పైగా ఉబుంటు డాట్ ప్రొఫైల్‌లో ఒక షరతు ఉంది, హోమ్‌లో డాట్ లోకల్ కింద బిన్ అనే ఫోల్డర్ అప్పటికే ఉంటేనే దాన్ని పాత్‌లో కలుపుతుంది. మీ మొదటి టూల్ వచ్చి ఆ ఫోల్డర్‌ని అప్పుడే పుట్టించిందనుకోండి, విండో మూసి తెరిచినా లాభం లేదు, లాగౌట్ అయి రావాల్సిందే. రెండో టూల్‌కి ఈ బాధే ఉండదు, అందుకే ‘నాకు పనిచేసిందే’ అనేవాళ్లూ నిజమే చెబుతున్నారు.

ప్రశ్న: పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్‌తో ప్యాకేజీ పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో ఎక్స్‌ట్రాలు రాస్తే ‘నో మ్యాచెస్ ఫౌండ్’ అంటోంది. అలాంటి ప్యాకేజీ తీసేశారా?

జవాబు: పిప్ దాకా మీ మాట వెళ్లనే లేదు. చదరపు బ్రాకెట్లు షెల్‌కి ఫైల్ పేర్లు వెతికే గుర్తులు. సరిపడే ఫైల్ దొరక్కపోతే బ్యాష్ పోనీలే అని రాసింది రాసినట్టు పిప్‌కి అందిస్తుంది, జెడ్‌షెల్ అక్కడే ఆగి ఎర్రర్ కొడుతుంది. పేరు మొత్తాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టండి, ఈ రెండు షెల్స్‌లోనూ నడుస్తుంది. ఈ ఎర్రర్ మీద చాలామందికి కోపం కానీ నాకు జెడ్‌షెల్ పద్ధతే నచ్చుతుంది, బ్యాష్‌లో ఖర్మకాలి అలాంటి పేరున్న ఫైలే ఆ ఫోల్డర్‌లో ఉంటే మీకు తెలీకుండా పేరు మారిపోతుంది మరి.

ఇలాంటిదే ఇంకోటి. సూచనల్లోంచి నాలుగు లైన్లు కలిపి పేస్ట్ చేస్తే అందులో హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వివరణ లైన్లు కూడా వస్తాయి. బ్యాష్ వాటిని వదిలేస్తుంది, జెడ్‌షెల్ ప్రాంప్ట్ దగ్గర మామూలుగా వాటినీ కమాండ్లే అనుకుని అరుస్తుంది. డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీలో సెట్‌ఆప్ట్ ఇంటరాక్టివ్ కామెంట్స్ అని పెట్టుకోండి, పోతుంది.

ప్రశ్న: నేను ఫిష్ షెల్ వాడతాను. అద్భుతంగా ఉంది, కానీ నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) వెర్షన్లు మార్చుకునే ఎన్‌వీఎం పనిచేయట్లేదు. ప్రతి టూల్ దగ్గరా ఇదే ఏడుపు. బ్యాష్‌కి వెనక్కి వెళ్లిపోవాలా?

జవాబు: వెళ్లక్కర్లేదు, కాకపోతే కారణం తెలిస్తే ఏది పనిచేస్తుందో ముందే చెప్పగలుగుతారు. పైన చెప్పాను కదా, పిల్ల ప్రాసెస్ తల్లి పాత్‌ని మార్చలేదని. ఎన్‌వీఎం చేయాల్సిన పనే ఇప్పుడున్న షెల్ పాత్‌ని మార్చడం. అందుకని అది విడి ప్రోగ్రామ్‌గా కాకుండా, మీ షెల్ తనలోకే చదువుకునే ఫంక్షన్‌గా రాశారు, బ్యాష్ కుటుంబం భాషలో. ఫిష్ ఆ కుటుంబం కాదు. 2005లో ఆక్సెల్ లిల్యెన్‌క్రాంట్స్ దాన్ని మొదలుపెట్టినప్పుడే పాత వ్యాకరణాన్ని కావాలని వదిలేశారు, ఇఫ్‌కి ఎదురుగా ఎఫ్ఐ, కేస్‌కి ఎదురుగా ఈఎస్ఏసీ లాంటి వేషాలు అందులో ఉండవు. కాబట్టి ఎన్‌వీఎం ఫైల్‌ని ఫిష్ చదవలేదు, చదివించే ప్రయత్నమూ చేయకండి.

ఈ సమస్యకి టూల్స్ రాసేవాళ్లు రెండు దారులు కనిపెట్టారు. ఒకటి, అసలు బుర్ర అంతా విడి బైనరీలో పెట్టి, ఒక్కో షెల్‌కి దాని భాషలో నాలుగు లైన్లు ముద్రించి ఇవ్వడం, ఎఫ్‌ఎన్‌ఎం, మీజ్ లాంటివి ఈ కోవ. ఫిష్ అని చెబితే ఫిష్ భాషలోనే ఇస్తాయి. రెండోది షిమ్, అంటే ఒకే ఫోల్డర్‌ని పాత్‌లో శాశ్వతంగా పెట్టి, అందులో అసలు టూల్ పేరుతోనే ఒక చిన్న నకిలీ ఉంచడం. ఆ నకిలీ నడిచినప్పుడు ఏ వెర్షన్ కావాలో చూసి అసలుదాన్ని పిలుస్తుంది. పైఎన్వ్, ఏఎస్‌డీఎఫ్ అలా నడుస్తాయి. షెల్ ఏదైతే వాటికేంటి, పాత్‌లో ఒక ఫోల్డర్ ఉంటే చాలు. ఫిష్ వాడుతున్నారు కాబట్టి ఈ రెండు రకాల్లో ఒకటి ఎంచుకోండి, ‘సోర్స్ చేయండి’ (అంటే ఇప్పుడున్న షెల్ లోపలే చదివించండి) అని ఒక డాట్ ఎస్‌హెచ్ ఫైల్ చేతిలో పెట్టే టూల్ జోలికి పోకండి.

మామూలు పాత్ లైన్లకి మాత్రం ఇంత అక్కర్లేదు. ఫిష్ 3.2 నుంచి ఫిష్ యాడ్ పాత్ అనే కమాండ్ ఉంది (మధ్యలో అండర్‌స్కోర్లు), ఒక్కసారి కొడితే గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి కొట్టినా రెండుసార్లు కలపదు. బ్యాష్ కోసం రాసిన ఎక్స్‌పోర్ట్ లైన్లు కూడా ఇప్పుడు ఫిష్‌లో చాలావరకు నడుస్తాయి. రెండు యాంపర్‌సాండ్లు 3.0లో, డాలర్ బ్రాకెట్ 3.4లో వచ్చి చేరాయి, మొండితనం కాస్త తగ్గింది.

ఒక్క హెచ్చరిక. ఫిష్‌ని లాగిన్ షెల్‌గా పెట్టుకోకండి, టెర్మినల్ సెట్టింగ్స్‌లో మాత్రం ఫిష్ తెరుచుకునేలా పెట్టుకోండి. మీ లాగిన్ షెల్‌తో ఎక్స్‌పోర్ట్ లైన్లు నడిపించుకునే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి, అవన్నీ బ్యాష్ భాషే మాట్లాడతాయి.

ప్రశ్న: విండోస్‌లో ఎన్‌పీఎం (నోడ్ ప్యాకేజీలు పెట్టే టూల్) పవర్‌షెల్‌లో కొడితే ‘ఈ సిస్టమ్‌లో స్క్రిప్టులు నడపడం ఆపేశారు’ అని ఎర్ర అక్షరాల్లో వస్తోంది. సీఎండీలో అదే మామూలుగా నడుస్తోంది!

జవాబు: నోడ్ పెట్టినప్పుడు ఎన్‌పీఎం పేరుతో ఒక డాట్ పీఎస్1, ఒక డాట్ సీఎండీ రెండూ వస్తాయి. పవర్‌షెల్ మొదటిదాన్ని పట్టుకుంటుంది, సీఎండీ రెండోదాన్ని. డెస్క్‌టాప్ విండోస్‌లో పవర్‌షెల్ స్క్రిప్ట్ పాలసీ మామూలుగా ‘రిస్ట్రిక్టెడ్’, అంటే ఏ స్క్రిప్టూ నడవదు. సెట్ ఎగ్జిక్యూషన్ పాలసీ కమాండ్‌తో కరెంట్ యూజర్ స్కోప్‌లో రిమోట్ సైన్డ్ అని పెట్టండి, అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. అన్‌రెస్ట్రిక్టెడ్ పెట్టమని సలహాలిచ్చేవాళ్లుంటారు, వినకండి. ఆఫీసు వాళ్లు తాళం వేసి ఉంటే ఎన్‌పీఎం డాట్ సీఎండీ అని పూర్తి పేరు కొట్టండి, పని జరిగిపోతుంది.

పాత్ మార్చడానికి సెట్ఎక్స్ వాడమని చెప్పే సూచనలు చూస్తే జాగ్రత్త. అది 1024 అక్షరాలు దాటితే విలువని కోసేస్తుంది, పాత్ అంతకంటే పొడుగుంటే తోక పోయినట్టే, తిరిగి రాదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ డైలాగ్‌లోకి వెళ్లి చేత్తో కలపండి. మార్చాక టెర్మినల్ మొత్తం మూసి మళ్లీ తెరవండి, ఎడిటర్ లోపలి టెర్మినల్ అయితే ఎడిటర్ మొత్తాన్ని మూయాలి, దాని దగ్గరున్నది తాను పుట్టినప్పటి పాత పాతే.

డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. లినక్స్ పాత్ వెనకాల విండోస్ పాత్ కూడా అంటుకుని వస్తుంది. లోపల నోడ్ పెట్టకుండానే ఎన్‌పీఎం దొరికేస్తుంది, సంతోషపడతారు, అది స్లాష్ ఎంఎన్‌టీ స్లాష్ సీ కింద ఉన్న విండోస్ ఎన్‌పీఎం. అక్కడినుంచి వచ్చే ఎర్రర్లకి తలా తోకా ఉండదు. కమాండ్ డ్యాష్ వీ (ఈ డ్యాష్ అంటే చిన్న గీత) అని ముందు పెట్టి టూల్ పేరు కొడితే ఏది దొరుకుతోందో తెలిసిపోతుంది. అలాగే విండోస్ ఎడిటర్‌లో సేవ్ చేసిన స్క్రిప్ట్ లినక్స్ వైపు ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంటే లైన్ చివరి అక్షరాలు తేడా వచ్చాయని అర్థం, ఎడిటర్‌లో సీఆర్‌ఎల్‌ఎఫ్ అని ఉన్నదాన్ని ఎల్‌ఎఫ్‌కి మార్చి సేవ్ చేయండి.

ప్రశ్న: టెర్మినల్‌లో అంతా బాగుంది. అదే కమాండ్ క్రాన్‌లో (చెప్పిన టైముకి కమాండ్లు నడిపేది) పెడితే దొరకదు, ఎస్‌ఎస్‌హెచ్‌తో బయటినుంచి ఒక్క కమాండ్‌గా పంపినా దొరకదు, డాకర్‌లో (ప్రోగ్రాముల్ని విడి కంటైనర్లలో నడిపేది) ‘సోర్స్ నాట్ ఫౌండ్’ అంటుంది. విసిగిపోయాను.

జవాబు: మూడూ ఒకే జాతి. మీ సెట్టింగులన్నీ మనిషి కూర్చుని టైప్ చేసే షెల్ కోసం రాసిన ఫైళ్లలో ఉన్నాయి, ఈ మూడు చోట్లా మనిషి లేడు.

క్రాన్ మీ డాట్ ఫైళ్లు చదవదు, దానికుండే పాత్ చాలా పొట్టిది, టూల్‌కి పూర్తి దారి రాయండి లేదా క్రాన్‌ట్యాబ్ పైన పాత్ లైన్ పెట్టండి. ఎస్‌ఎస్‌హెచ్ సంగతి కాస్త తమాషా. బయటినుంచి కమాండ్ పంపినప్పుడు బ్యాష్ డాట్ బ్యాష్‌ఆర్‌సీని చదవడం మొదలుపెడుతుంది, కానీ డెబియన్, ఉబుంటుల్లో ఆ ఫైల్ పైభాగంలోనే ‘ఇంటరాక్టివ్ కాకపోతే ఇక్కడినుంచే వెనక్కి పో’ అని ఉంటుంది. ఇన్‌స్టాలర్లు ఎప్పుడూ అట్టడుగునే రాస్తాయి. మీ లైన్ ఆ గేటుకి అవతల ఉంది. దాన్ని గేటుకి పైన పెట్టండి. జెడ్‌షెల్ అయితే అన్ని రకాల షెల్స్‌లోనూ చదివేది డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఎన్వ్ ఒక్కటే, అక్కడ పెట్టొచ్చు. మ్యాక్‌లో మాత్రం దాని తర్వాత నడిచే పాత్ హెల్పర్ సిస్టమ్ ఫోల్డర్లని ముందుకు లాగి మీవాటిని వెనక్కి నెడుతుంది, పైథాన్ పాతది ఎందుకొస్తోందో అని జుట్టు పీక్కునేవాళ్లలో కొందరి కథ ఇదే.

డాకర్ ఫైల్లో రన్ లైన్లు స్లాష్ బిన్ స్లాష్ ఎస్‌హెచ్‌తో నడుస్తాయి. డెబియన్ ఇమేజ్‌లో అది బ్యాష్ కాదు, డ్యాష్ అనే ఇంకో చిన్న షెల్, దానికి సోర్స్ అన్న మాట తెలీదు, చుక్క తెలుసు. ఒక రన్‌లో మార్చిన పాత్ తర్వాతి రన్‌కి రాదు కూడా. ఈఎన్‌వీ లైన్‌తో పాత్‌ని తిన్నగా పెట్టేయండి.

ప్రశ్న: నేనే ఒక చిన్న కమాండ్ లైన్ టూల్ రాశాను. ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ రాస్తే రోజుకో కొత్త షెల్ పేరు చెప్పి ఒకరు బగ్ పెడుతున్నారు. అందరికీ ఒకేలా పనిచేసేలా ఎలా రాయాలి?

జవాబు: ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను, పై గొడవల్లో సగం మీలాంటివాళ్ల చేతిలోనే ఆగిపోతాయి.

మొదటిది, స్క్రిప్ట్‌ని పాత ఎస్‌హెచ్ వ్యాకరణంలోనే రాయండి. జోడు చదరపు బ్రాకెట్లు, అర్రేలు వద్దు. మీ మెషీన్‌లో ఎస్‌హెచ్ అంటే బ్యాష్ అయితే ఇవన్నీ నడిచిపోతాయి, మీకు తెలీదు. ఉబుంటు 2006లో వచ్చిన 6.10 నుంచే ఎస్‌హెచ్‌ని డ్యాష్‌కి మార్చేసింది, అక్కడ మొదటి లైన్లోనే పల్టీ కొడుతుంది. డ్యాష్‌తో ఒకసారి, ఆల్పైన్‌లో ఉండే బిజీబాక్స్ షెల్‌తో ఒకసారి నడిపి చూడండి, స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్ కూడా పెట్టుకోండి. టూల్ ఉందో లేదో చూడ్డానికి విచ్ కాదు, కమాండ్ డ్యాష్ వీ వాడండి, అది పాజిక్స్ అనే యూనిక్స్ ప్రమాణంలో ఉన్నది.

మొత్తం స్క్రిప్ట్‌ని ఒక ఫంక్షన్‌లో చుట్టి, చివరి లైన్లో దాన్ని పిలవండి. పైప్ మీద వచ్చే స్క్రిప్ట్‌ని షెల్ వస్తూ వస్తూనే నడుపుతుంది, మధ్యలో నెట్ పోతే సగం స్క్రిప్ట్ నడిచిపోయి ఉంటుంది. తొలగించే కమాండ్‌లో ఫోల్డర్ పేరు సగంలో తెగిందనుకోండి, ఊహించుకోండి ఏమవుతుందో.

ఇక డాట్ ఫైళ్లు. వాళ్ల ఫైల్లో మీ పాత్ తర్కం అంతా గుమ్మరించకండి. రస్ట్ భాషని ఇన్‌స్టాల్ చేసే రస్టప్ పద్ధతి నాకు బాగా నచ్చింది, తన ఫోల్డర్‌లో ఎన్వ్ అనే చిన్న ఫైల్ పెట్టుకుంటుంది, ఆ ఫోల్డర్ ఇప్పటికే పాత్‌లో ఉంటే ఏమీ చేయకుండా, లేకపోతేనే కలిపేలా అందులో రాసి ఉంటుంది. వాడేవాళ్ల డాట్ ఫైల్లో పడేది దాన్ని పిలిచే ఒక్క లైన్. రేపు మీకేదైనా మార్చాలనిపిస్తే మీ ఫైల్ మార్చుకుంటారు, వాళ్లది ముట్టుకోరు. ఫిష్‌కి వేరే ఎన్వ్ ఫైల్ రాయండి, దాన్ని పిలిచే లైన్‌ని కాన్ఫిగ్ కింద ఫిష్ కింద కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో మీ టూల్ పేరుతో విడి ఫైల్‌గా పెట్టండి, తీసేయడమూ సులువు.

రాసే ముందు ఆ లైన్ అప్పటికే ఉందేమో చూడండి. ఒకే లైన్ పదకొండుసార్లు ఉన్న డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీని నేను కళ్లారా చూశాను, అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఒకటి. జెడ్‌షెల్ వాళ్లలో కొందరు జెడ్‌డాట్‌డిర్ అనే వేరియబుల్‌తో తమ ఫైళ్లని వేరే చోటికి మార్చుకుంటారు, దాన్ని పట్టించుకోండి. బ్యాష్‌కి లేని డాట్ బ్యాష్ ప్రొఫైల్‌ని పుట్టించకండి, పైన ఆ సర్వర్ పాఠకుడి పరిస్థితి చదివారుగా. మీరు రాయబోయే డాట్ ఫైల్ సిమ్‌లింక్ (వేరే చోటున్న ఫైల్‌ని చూపే లింక్) అయితే, రాయడానికి వీల్లేనిదైతే మౌనంగా ఫెయిల్ అవ్వకండి, డాట్ ఫైళ్లని గిట్‌లో పెట్టుకునేవాళ్లు చాలామంది, వాళ్లకి మీ రాత అస్సలు నచ్చదు. ‘నా ఫైళ్లు ముట్టుకోవద్దు’ అని చెప్పే ఒక ఆప్షన్ తప్పకుండా ఉంచండి, సీఐలో (కోడ్‌ని తనంతట తానే పరీక్షించే సర్వర్లలో) నడిపేవాళ్లకీ అదే కావాలి.

ఏ షెల్ అని పట్టుకోవడంలో అతి తెలివి వద్దు. డాలర్ షెల్ చెప్పేది లాగిన్ షెల్ పేరు, ఇంతకుముందు చెప్పాను. తల్లి ప్రాసెస్ పేరు తవ్వి తీసే స్క్రిప్టులు చూశాను, పైప్ మధ్యలో ఇంకోటి దూరితే అవీ బోల్తా పడతాయి. రస్టప్ లాగా, ఏ షెల్స్ వాడుతున్నట్టు ఆనవాళ్లున్నాయో వాటన్నింటికీ రాసేయడం మేలు, ఎక్కువ రాసినా ఆ చిన్న ఫైల్ రెండుసార్లు కలపదు కాబట్టి నష్టం లేదు.

చివర్లో ముద్రించే మెసేజ్ మీదే నా పట్టుదలంతా. ‘విజయవంతంగా పూర్తయింది’ అని మాత్రం రాసి ఊరుకోకండి. ఫైల్ ఎక్కడ పెట్టారు, ఏయే డాట్ ఫైళ్లలో ఏ లైన్ కలిపారు, ఈ విండోలోనే వాడాలంటే ఏం కొట్టాలి, ఈ మూడూ చెప్పండి, అదీ వాళ్ల షెల్ భాషలో. పాత్‌లో అదే పేరుతో ఇంకో పాత టూల్ ముందు వరసలో ఉంటే అది కూడా చెప్పండి. నా అనుభవంలో ఇన్‌స్టాలర్ తెలివితేటలు పెంచడం కంటే ఈ నాలుగు లైన్లు బాగా రాయడం వల్ల ఎక్కువ బగ్గులు ఆగాయి. పవర్‌షెల్‌కి మాత్రం ఇదే స్క్రిప్ట్‌ని సాగదీయాలని చూడకండి, విడిగా ఒకటి రాయండి. రెండింటిలోనూ నడిచే ఒకే ఫైల్ రాయొచ్చు, రాసినవాళ్లున్నారు, మళ్లీ దాన్ని చదవగలిగినవాళ్లు లేరు.

ప్రశ్న: టూల్స్ పెట్టీ పెట్టీ ఇప్పుడు టెర్మినల్ తెరిస్తే ప్రాంప్ట్ రావడానికి మూడు సెకన్లు పడుతోంది.

జవాబు: ఒక్కో టూల్ ఒక్కో ఇవ్యాల్ లైన్ (టూల్ ముద్రించిన లైన్లని షెల్‌లో నడిపించేది) పెట్టి ఉంటుంది, విండో తెరిచిన ప్రతిసారీ అవన్నీ వరసగా నడుస్తాయి. జెడ్‌షెల్ అయితే ఫైల్ మొదట్లో జెడ్‌మాడ్‌లోడ్‌తో జెడ్‌ప్రాఫ్ మాడ్యూల్‌ని లోడ్ చేసి, చివర్లో జెడ్‌ప్రాఫ్ అని పెట్టి కొత్త విండో తెరవండి, ఎవరు ఎంత తింటున్నారో పట్టిక వస్తుంది. ఎన్‌వీఎం ఉంటే నా అనుమానం ముందు దాని మీదే. రోజూ వాడనివాటిని తీసేయండి, అంతకంటే పెద్ద చిట్కా లేదు.

ప్రశ్న: టూల్ తీసేశాను, ఫోల్డర్ కూడా డిలీట్ చేశాను. ఇప్పుడు ఏ టెర్మినల్ తెరిచినా మొదటే ‘నో సచ్ ఫైల్’ అని పలకరిస్తోంది.

జవాబు: ఫోల్డర్ పోయింది, దాన్ని పిలిచే లైన్ మిగిలింది. గ్రెప్‌కి టూల్ పేరు ఇచ్చి డాట్ ప్రొఫైల్, డాట్ బ్యాష్‌ఆర్‌సీ, డాట్ బ్యాష్ ప్రొఫైల్, డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఎన్వ్, డాట్ జెడ్‌ప్రొఫైల్, డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ అన్నింట్లో వెతకండి, ఒకదాంట్లో దొరికిందని ఆగకండి, రెండు మూడు చోట్ల రాసి ఉండొచ్చు. ఫిష్ కూడా ఉంటే కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్ చూడటం మర్చిపోవద్దు.